గట్టు మీద ఒక జిల్లేడు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఫాల్గుణం, చైత్రం వచ్చాయంటే మద్రాసు తెలుగువారి ఉత్తరాలు ఎక్కువగా అడయారు నది ఒడ్డు నుంచే వస్తాయి. ఈసారి అందిన వాటిలో నలుగురికీ పనికొచ్చేవి ఏరి, వాటికి జవాబులు ఇస్తున్నాం. మొక్కల పేర్లు తెలుగులోనే ఇచ్చాం. అవసరమైన చోట మీ పక్కింటి తమిళులు పిలిచే పేరు కూడా చేర్చాం. గట్టు మీద ఎవరినైనా అడగాలంటే అదే పనికొస్తుంది.

ప్రశ్న: వసంతం అంటారు గానీ, మార్చిలో అడయారు గట్టు మీద నాకు ఎండుగడ్డే కనిపిస్తోంది. పువ్వులూ పురుగులూ చూడాలంటే ఎప్పుడు వెళ్లాలి, ఎలా మొదలుపెట్టాలి?
(ఒక విశ్రాంత ఉద్యోగి, సైదాపేట)

జవాబు: మీరు చూసింది నిజమే. చెన్నైలో ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన పడితే, అందులో సగానికి మించి అక్టోబరు, డిసెంబరు మధ్యనే కురుస్తుంది. కాబట్టి నేలను అంటిపెట్టుకుని ఉండే చిన్న మొక్కలకు అసలు వసంతం సంక్రాంతి రోజులు. తుమ్మి, ఉత్తరేణి లాంటివి అప్పుడు పూసి, ఉగాదికల్లా విత్తనం కట్టి ఎండుతాయి. చెట్ల లెక్క వేరు. వాటి వేళ్లు లోతున ఉన్న తడిని అందుకుంటాయి. కానుగ, వేప ఆకు రాల్చి కొత్త చిగురు తొడిగేది సరిగ్గా ఈ రోజుల్లోనే. ఉగాది పచ్చడికి వేప్పువ్వు దొరకడం కూడా ఆ లెక్కలోనే వస్తుంది. అంటే ఒకే గట్టు మీద కింద శిశిరం, పైన వసంతం నడుస్తుంటాయి. మీరు కిందికి చూశారు, అంతే.

గట్టంతా తిరగాలని పెట్టుకోవద్దు. ఒక 200 మీటర్ల ముక్క ఎంచుకుని, ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా వారానికోసారి అదే ముక్కకు వెళ్లండి. అందులో మూడు చోట్ల, గట్టు పైన, వాలు మీద, నీటి అంచున, ఒక్కో చదరం వేయండి. నాలుగు పుల్లలు, మీటరుకో ముడి వేసిన 4 మీటర్ల పురికొస చాలు. చదరంలో ఏ మొక్క ఎంత జాగా కమ్మింది, పూతలో ఉందా, కాయలో ఉందా, ఎండిందా రాసుకోండి. పై చదరం మొదట బోసిపోతుంది, నీటి అంచుది చివరి దాకా పచ్చగా ఉంటుంది. పురుగులు కూడా ఆ తడి వెంబడే కిందికి దిగుతాయి. నెల తిరిగేసరికి మీ పుస్తకంలోనే అది కనిపిస్తుంది. పుల్లలను ఎవరో ఒకరు పీకేస్తారు, అది ఖాయం. కాబట్టి చోటును ఫోను మ్యాపులో గుర్తు పెట్టుకుని, పక్కనున్న రాయినో స్తంభాన్నో కలిపి ఫొటో తీసుకోండి.

వేళ: ఉదయం ఏడున్నర నుంచి పది. ఇంకా తెల్లవారకముందే వెళితే తూనీగలు మంచుకు తడిసి కదలకుండా ఉంటాయి, ఫొటోలకు బాగుంటుంది. కానీ సీతాకోకచిలుకలు రెక్కలు కాచుకోకుండా లేవవు. పది దాటాక చాలా పురుగులు ఆకుల చాటుకు పోతాయి. గాలి గట్టిగా వీచే రోజు లెక్కలు రాయకండి, ఆ సంఖ్యలు వేరే రోజులతో పోల్చడానికి పనికిరావు.

ఒంటరిగా బహిరంగ గట్టు మీదికి వద్దు. బూట్లు, చేతిలో కర్ర, తోడుగా ఒక మనిషి ఉండాలి. గడ్డిలో అడుగు పెట్టే ముందు కర్రతో తట్టండి, రక్తపింజరి ఇలాంటి చోట్లే ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి కోట్టూర్‌పురం రైల్వే స్టేషను పక్కనున్న చెట్ల తోపు, అడయారు ముఖద్వారం దగ్గరి తొల్కాప్పియ పూంగా (పార్కు) మేలు. పూంగాలోకి రానిచ్చే వేళలు ముందే కనుక్కుని వెళ్లండి.

ప్రశ్న: మా మనవడికి గట్టు మీద జిల్లేడు ఆకు కింద నలుపు, తెలుపు, పసుపు చారల పురుగు దొరికింది. ఇంటికి తెచ్చి సీతాకోకచిలుకను చేస్తానంటున్నాడు. పెంచవచ్చా? పోయినసారి తెచ్చినవి రెండూ చచ్చిపోయాయి.
(ఒక అమ్మమ్మ, నందనం)

జవాబు: అమ్మా, మీవాడు మంచి మొక్క దగ్గరే ఆగాడు. గట్టు మీద ఒకే ఒక్క మొక్కను చూసే తీరిక ఉంటే మేం జిల్లేడునే చూడమంటాం. తమిళంలో ఎరుక్కు. రథసప్తమికి ఆకులు కోసిన జిల్లేడు కొద్దివారాల్లో మళ్లీ లేతాకు వేస్తుంది, లేతాకు ఉన్నచోట పురుగు ఉంటుంది.

ఆ చారల పురుగు ప్లెయిన్ టైగర్ అనే నారింజ రంగు సీతాకోకచిలుక పిల్ల. ఒంటి మీద మూడు జతల నల్లటి మెత్తని కొమ్ములు ఉంటే అదే. తల్లి ఆకు అడుగున ఒక్కో గుడ్డే పెడుతుంది, తెల్లగా, నిలువు గీతలతో, గుండుసూది తలకన్నా చిన్నది. చెన్నై ఎండకు గుడ్డు నుంచి రెక్కల దాకా సుమారు మూడు నాలుగు వారాలు. పిల్ల తినే ముందు ఆకు ఈనెనో కాడనో కొరికి ఒక గాడి చేస్తుంది, చూడండి. అక్కడ పాలు కారిపోయి, ముందున్న భాగం తినడానికి వీలవుతుంది. మిగిలిన కాస్త విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. అందుకే పక్షులు దీన్ని ముట్టవు, అందుకే దీనికి అంత తీరిగ్గా ఎగరడం చెల్లుతుంది.

ఇదే వేషం వేసుకున్న మరొకటి ఉంది. డానైడ్ ఎగ్‌ఫ్లై ఆడది అచ్చం ప్లెయిన్ టైగర్‌లా ఉంటుంది, కానీ అది విషం లేనిది. దాని పిల్ల పెరిగేది జిల్లేడు మీద కాదు, గంగపాయల కూర మీద. తేడా వెనక రెక్క మధ్యలో చూడాలి. ప్లెయిన్ టైగర్‌కు అక్కడ మూడు నాలుగు నల్ల చుక్కలు ఉంటాయి, మగదానికి వాసన సంచి ఒక చుక్కలా అదనం. ఎగ్‌ఫ్లైకి మధ్యలో ఆ చుక్కలు ఉండవు.

ఇక పెంపకం. ఒకటి, ఎక్కువలో ఎక్కువ రెండు, అంతకు మించి వద్దు. రెండు లీటర్ల వెడల్పు మూతి సీసా తీసుకోండి. మూతకు బదులు పల్చటి నూలు గుడ్డ రబ్బరు బ్యాండుతో కట్టండి, అడుగున దినపత్రిక కాగితం వేయండి. మూతకు మేకుతో నాలుగు చిల్లులు కొడితే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. లోపల ఆవిరి పట్టి, రెట్టలకు బూజు వచ్చి పురుగు నల్లబడి చస్తుంది. మీవి చచ్చిపోయింది ఇలాగే అయ్యుండవచ్చు. రెండో అనుమానం దోమల మందు. కాయిల్, ప్లగ్గుకు పెట్టే ద్రవం, రెండూ పురుగులను చంపేవే. ఆ గదిలో సీసా ఉంటే పురుగు ఒక రాత్రికే మెలికలు తిరుగుతుంది.

ఆకు రోజూ తాజాది వేయాలి. మొదటి వారం రోజుకొక లేతాకు చాలు, చివరి నాలుగైదు రోజులు రెండు మూడు పెద్దాకులు తింటుంది. ఆకును నీళ్ల సీసాలో నిలబెడితే మూతి చుట్టూ దూది కుక్కండి, లేకపోతే పురుగు జారి నీళ్లలో పడుతుంది. ఆకు మీద నీళ్లు చిలకరించకండి, ఆకులోని తేమే దానికి చాలు. తినడం మాని, తల ఉబ్బినట్టు కనిపిస్తూ ఒకచోట బిగుసుకుపోతే అది జబ్బు కాదు, పాత చర్మం విడవబోతోంది. ఆ ఒక రోజు ముట్టుకోవద్దు, వేరే ఆకు మీదికి మార్చవద్దు. చివర్లో వేలాడడానికి ఏటవాలుగా ఒక ఎండుపుల్ల పెట్టండి, దాని కింద జానెడు ఖాళీ ఉండాలి. జాగా చాలకపోతే రెక్కలు ముడతపడి అలాగే గట్టిపడతాయి, ఇక ఎగరలేదు.

ప్యూపా (రెక్కలు రాకముందు వేలాడే గూడు దశ) ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో ఉంటుంది, రెండూ మామూలే. చివరి రోజు నారింజ రెక్కలు లోపలి నుంచి కనిపిస్తాయి. అలా కాకుండా మొత్తం గోధుమ రంగుకు తిరిగి గట్టిపడి, పక్కన గుండ్రటి చిల్లు పడితే దాన్ని బదనిక కందిరీగ తినేసింది. తెల్లటి పురుగులు దారం పట్టుకుని కిందికి జారితే అవి ఒక రకం ఈగ పిల్లలు. గట్టు మీద ఉన్నప్పుడే అవి లోపలికి చేరి ఉంటాయి, మీ పెంపకంలో తప్పేమీ లేదు. గుడ్డు దశలో తెచ్చుకుంటే ఈ బెడద తగ్గుతుంది. సీతాకోకచిలుక బయటికి వచ్చాక ఎర్రటి బొట్లు పడతాయి, అది రక్తం కాదని పిల్లాడికి ముందే చెప్పండి. రెక్కలు గట్టిపడ్డాక ఎండ వచ్చిన వేళ తెచ్చిన చోటే వదిలేయండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఆకు మీరే తెంపండి. జిల్లేడు పాలు కంట్లో పడితే నొప్పి అంతగా ఉండకపోవచ్చు, చూపు మాత్రం కొన్ని గంటల్లో మసకబారుతుంది. నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే ఇక్కడ చేసే పొరపాటు. వెంటనే 15, 20 నిమిషాలు ధారగా మంచినీళ్లతో కడిగి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మీవాడికి ఇంకో పని చెప్పండి, ఇందులో ఏదీ చావదు. జిల్లేడు పువ్వు మీద వాలే నల్లటి పెద్ద తుమ్మెద కాళ్లను జూమ్ చేసి ఫొటో తీయమనండి. పసుపు రంగు జంట సంచులు కాళ్లకు తగిలి వేలాడుతుంటాయి. జిల్లేడు పుప్పొడి పొడిగా రాలదు, మూటకట్టి ఉంటుంది. తుమ్మెద కాలు పువ్వు నెరియలో ఇరుక్కుని, లాగినప్పుడు ఆ మూట ఊడి వస్తుంది. కొమ్మ చివర పసుపు రంగు పేనుబంక, దాన్ని తినే అక్షింతల పురుగు, పసుపు నీలం చారల మిడత, ఇవన్నీ అదే మొక్క మీద వెతకవచ్చు. మిడతను పట్టుకోవద్దు, ఘాటైన ద్రవం చిమ్ముతుంది.

ప్రశ్న: కానుగ ఆకుల మీద మొటిమల్లాంటివి నిండుగా ఉన్నాయి. ఏవో పురుగు గుడ్లనీ, మందు కొట్టించాలనీ మా వీధిలో అంటున్నారు.
(ఒక పాఠకుడు, కోట్టూర్‌పురం)

జవాబు: గుడ్లు కావు. కానుగ (పుంగ మరం) చిగురు మీద ఒక రకం నల్లి (మంచం నల్లి కాదు, ఇంగ్లిష్‌లో మైట్ అనేది) చేరి రసం పీలిస్తే ఆ చోట ఆకే అలా బుడిపెలా పెరుగుతుంది. నల్లి అందులో కాపురం ఉంటుంది. పొడవు మిల్లీమీటరులో అయిదో వంతు, మామూలు మైట్లకు ఎనిమిది కాళ్లుంటే దీనికి నాలుగే. బుడిపెను బ్లేడుతో కోసి 10 రెట్లు పెంచే భూతద్దంలో చూస్తే తెల్లటి నలుసులు కదలడం కనిపిస్తుంది, అది కూడా ఎండ వెలుతురు ఉంటేనే.

చెట్టుకు ప్రమాదం లేదు. మందు కొట్టించవద్దు. బుడిపె లోపలి నల్లికి అది తగలదు, పువ్వు మీద ఉన్న తేనెటీగలకు మాత్రం తగులుతుంది. కొత్త చిగురు మడతపెట్టి ఉంటే విప్పి చూడండి, కామన్ బాండెడ్ ఆల్ అనే గోధుమ రంగు సీతాకోకచిలుక పిల్ల అందులో ఉండవచ్చు.

ప్రశ్న: నీళ్లలో తూనీగలు ఉంటే నీరు శుభ్రమని చదివాను. అడయారులో మురుగు కలుస్తోంది, తూనీగలేమో గుంపులుగా ఉన్నాయి. ఏది నిజం?
(ఒక కాలేజీ విద్యార్థిని, గిండీ)

జవాబు: మీరు చదివింది సగమే. తూనీగలు ఉన్నాయా లేదా అన్నది కాదు, ఎన్ని రకాలు ఉన్నాయన్నది చూడాలి. గట్టు మీద మీకు గుంపులుగా కనిపించింది చాలావరకు డిచ్ జ్యుయెల్ అయి ఉంటుంది. పేరులోనే మురుగుకాలువ ఉంది. మగది ఎర్రటి నారింజ రంగు, రెక్కల మీద వెడల్పాటి నారింజ మరక. ఆడది పసుపు గోధుమ రంగులో వెలిసినట్టుంటుంది. నీటికి దగ్గరగా, గడ్డి మీద కిందగా వాలుతుంది. మురికినీళ్లలో గుడ్లు పెట్టి బతకగల రకం ఇది. ఇదొక్కటే వందల్లో ఉండి వేరే రకాలు లేకపోతే అది నీటికి మంచి మార్కు కాదు, చెడ్డ మార్కు.

లెక్కించే పద్ధతి ఇది. 100 మీటర్ల నీటి అంచు వెంట అరగంట నడవండి, మీకు అటూ ఇటూ రెండున్నర మీటర్లు, ముందు అయిదు మీటర్లు, ఆ పెట్టెలోకి వచ్చినవే లెక్క. రెక్కలు పరుచుకుని వాలేది తూనీగ. సన్నగా సూదిలా ఉండి, రెక్కలు వెనక్కి మూసేది సూది తూనీగ, దాన్ని విడిగా రాయండి. సెనెగల్ గోల్డెన్ డార్ట్‌లెట్ అనే సూది తూనీగ కూడా మురికికీ కాస్త ఉప్పుకూ తట్టుకుంటుంది కాబట్టి దాన్ని చూసి మురిసిపోకండి. ఎగురుతూ పోయేవాటిని లెక్కలో వేయవచ్చు గానీ, అవి ఇక్కడే పుట్టాయని అనలేం. ఇక్కడే పుట్టిందనడానికి సాక్ష్యం జమ్ము కాడకు అంటుకున్న ఖాళీ పెంకు. నీటిలో పెరిగిన పిల్ల కాడ ఎక్కి, వీపు పగిలి, తూనీగ ఎగిరిపోయాక మిగిలేది అదే. పెంకులు ఏరి, తేదీ రాసి అగ్గిపెట్టెలో దాచుకోండి, తూనీగను పట్టాల్సిన పనే లేదు.

తూనీగలతో పాటు ఇంకో మూడింటిని చూడండి. నీటి మీద నడిచే పొడుగు కాళ్ల పురుగులు ఎక్కడ నురగ ఉంటే అక్కడ ఉండవు. సబ్బునీరు కలిస్తే నీటి పైపొర బిగువు తగ్గి వాటికి కాలు ఆనదు. బురదలో ఎర్రటి సన్న పురుగులు ఉంటే అక్కడ ఆక్సిజన్ తక్కువ. వాటి ఎరుపు మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ లాంటిదే, ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ పట్టుకోవడానికి. అవి పెరిగి దోమల్లాంటి కుట్టని పురుగులవుతాయి, సాయంత్రం వీధిదీపం కింద స్తంభంలా లేచేవి చాలావరకు అవే. మూడోది, పొడుగు తోకతో ఊపిరి పీల్చే తెల్లటి పురుగు. అది మురుగులోనే ఉంటుంది.

నీటిలోకి దిగవద్దు, వల వేయవద్దు. కాలి మీద చిన్న గాయం ఉన్నా ఎలుకల వల్ల వచ్చే జ్వరం పట్టుకోవచ్చు.

ప్రశ్న: ఒకే మొక్కకు ఫోను యాప్ మూడు రోజుల్లో మూడు పేర్లు చెప్పింది. దేన్ని నమ్మాలి? తూటికూర అని చెప్పిన దాన్ని కోసుకోవచ్చా?
(ఒక గృహిణి, తేనాంపేట)

జవాబు: చివరి దానికి ముందు జవాబు. కోసుకోవద్దు. అది నిజంగా తూటికూరే అయినా, మురుగు కలిసే నీటి అంచున పెరిగిన ఏ ఆకుకూరా వండుకునేది కాదు, ఎంత కడిగినా. పైగా పేరు కలిసే తూటికాడ ఒకటుంది, గులాబీ ఊదా పూలతో నిలువుగా పొదలా పెరుగుతుంది. అది విషపు మొక్క, పశువులు తింటేనే జబ్బు పడతాయి. నీటి మీద పాకి, కాడ బోలుగా, బాణం మొనలాంటి ఆకుతో ఉండేది తూటికూర.

యాప్ తప్పు చెప్పేది సాధారణంగా ఫొటో వల్ల. పువ్వు ఒక్కటే దగ్గరగా తీస్తే యంత్రానికి ఆధారం చాలదు. ఒక్కో మొక్కకు ఆరు ఫొటోలు కావాలి: మొక్క మొత్తం పరిసరాలతో సహా, ఆకు పైభాగం, ఆకు అడుగు, ఆకు కాడ కాండాన్ని కలిసే చోటు, పువ్వు ఎదురు నుంచీ పక్క నుంచీ కలిపి ఒకటి, కాయ. ప్రతిదానిలో ఒక మూల 15 సెంటీమీటర్ల స్కేలు కనిపించాలి. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి తర్వాత ఒకటిగా ఉన్నాయా అన్నది మాత్రం ఫొటోకు వదిలేయకుండా రాసుకోండి. సగం తగవులు అక్కడే తీరతాయి.

గట్టు మీద తరచూ తారుమారయ్యేవి కొన్ని. వయ్యారిభామ చిన్నగా, పువ్వు రాకముందు నేలకు పరుచుకుని మాచిపత్రిలా కనిపిస్తుంది. పూజకని కోసి ఇంటికి తెచ్చుకునేవారున్నారు, దాని వల్ల చర్మం దురద, ఉబ్బసం వచ్చేవారికి తంటా. నలిపి వాసన చూసి తేల్చుకోవాలనుకోకండి, తాకకుండా పువ్వు కోసం ఆగండి. వయ్యారిభామ పువ్వులు తెల్లటి చిన్న గుండీల్లా ఉంటాయి. ఇసుకనేలలో పల్లేరు (నెరింజి), ఏనుగు పల్లేరు (ఆనై నెరింజి) రెండూ పసుపు పూలే. పల్లేరు ఆకు చింతాకులా జంటలుగా, పువ్వుకు విడివిడి అయిదు రేకులు. ఏనుగు పల్లేరు ఆకు ఒంటిది, పళ్ల అంచుది, పువ్వు గొట్టంలా ఉంటుంది. దాని రెమ్మను నీళ్లలో తిప్పితే నీళ్లు జిగురుగా మారతాయి, ఒక్కసారి చూస్తే ఇక పొరబడరు.

మొక్కలు, పురుగుల ఫొటోలు పెట్టి పేర్లు తేల్చుకునే ఐ-నేచురలిస్ట్‌లో పెడితే యాప్ ఊహను అలాగే ఒప్పుకోకండి. నమ్మకం లేనిచోట జాతి పేరు కాకుండా కుటుంబం దగ్గర ఆపండి, తెలిసినవారు ముందుకు తీసుకెళతారు. చెట్ల విషయానికైతే సీజన్‌వాచ్ (చెట్లలో రుతువుల మార్పులను జనమే నమోదు చేసే కార్యక్రమం) సులువు. మీ వీధిలో ఒక వేపనో కానుగనో నమోదు చేసి, వారానికోసారి చిగురు, పూత, కాయ ఉన్నాయా, కొద్దిగానా ఎక్కువగానా అని చెబితే చాలు, రెండు నిమిషాల పని.

ప్రశ్న: ముఖద్వారం దగ్గర మడ మొక్కల ఆకుల మీద తెల్లటి పొడి ఉంది. బూడిద తెగులా?
(ఒక పాఠకుడు, బీసెంట్ నగర్)

జవాబు: ఉప్పు. తెల్ల మడ ఉప్పునీరు తాగి, ఎక్కువైన ఉప్పును ఆకులోని గ్రంథుల ద్వారా బయటికి పంపుతుంది. వానల్లో కడుక్కుపోతుంది, ఈ ఎండుకాలంలో పేరుకుని కనిపిస్తుంది. భూతద్దంలో చూస్తే పలకలు తీరిన స్ఫటికాలు, తెగులైతే బూజు పోగులు. నాలుకతో పరీక్షించే అలవాటు వేరే తీరాల్లో సరే, ఈ నీటి దగ్గర వద్దు. బురదలోంచి పెన్సిళ్లలా పైకి లేచినవి ఆ మొక్క ఊపిరి వేళ్లు, వాటి మీద అడుగు పెట్టవద్దు. అమావాస్య, పున్నమి రోజుల్లో ఆటుపోటు తేడా ఎక్కువ. పోటు పట్టికలో ఆటు వేళ చూసుకుని దానికి గంట ముందు చేరితే బురద తేలి కనిపిస్తుంది, నీరు తిరిగేలోపు వెనక్కి రావచ్చు.

ప్రశ్న: గట్టు మీద నడిచి వచ్చిన మర్నాడు మెడ మీద గీత గీసినట్టు కాలిన పొక్కులు లేచాయి. ఏ మొక్క తగిలి ఉంటుంది?
(ఒక పాఠకురాలు, టి. నగర్)

జవాబు: మొక్క కాకపోవచ్చు, గట్టు కూడా కాకపోవచ్చు. చీమంత సన్నగా, నలుపు, నారింజ పట్టీలతో, సెంటీమీటరు లోపు ఉండే ఒక పురుగు తడినేలల్లో ఉంటుంది. రాత్రి ట్యూబులైటుకు ఇంట్లోకి వస్తుంది. అది కుట్టదు, కరవదు. మెడ మీద పాకుతుంటే నిద్రలో చేత్తో నలుపుతాం, ఒంట్లోని ద్రవం అంటి ఒకటి రెండు రోజుల తర్వాత గీతలా పొక్కుతుంది. ఇంకోసారి ఒంటి మీద కనిపిస్తే నోటితో ఊదేయండి, నలపవద్దు. నలిపేస్తే ఆ చోటునూ చేతినీ వెంటనే సబ్బుతో కడగండి, కడగకుండా కళ్లు తుడుచుకోవద్దు. ఇప్పుడున్న పొక్కులను చిదమకుండా చర్మవైద్యులకు చూపించండి. పడుకునే మంచాన్ని లైటు కింద నుంచి జరిపి, కిటికీకి సన్న జాలీ వేయించండి.